సెలవు కబుర్లు, సినిమా కబుర్లతో ఇంగ్లీషు గ్రామర్

మొదటి ఇరవై పేజీలు నలిగిపోయి మిగతావి కొత్తగా ఉన్న గ్రామర్ పుస్తకం మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. నేనైతే టెన్సులన్నీ బట్టీ పట్టాను, మాట్లాడబోతే మాత్రం నోరు పెగల్లేదు. ఆఖరికి ఆఫీసులో ఒక ఫ్రెండ్‌తో ఒప్పందం పెట్టుకున్నాను: టీ టైములో పది నిమిషాలు ఇంగ్లీషులోనే మాట్లాడాలి, అది కూడా ఎక్కడికెళ్లాం, ఏం సినిమా చూశాం అన్నవే. పనికొచ్చింది ఇదే.

మొదట ఊరెళ్లొచ్చిన సంగతి చెప్పండి. అయిపోయిన ముచ్చట కాబట్టి అంతా పాస్ట్ టెన్సే. "వియ్ వెంట్ టు అరకు బై ట్రెయిన్. వియ్ సా బొర్రా కేవ్స్. ఇట్ రెయిన్డ్ ఇన్ ది ఈవెనింగ్." ఆ "ఇట్" చూశారా, మనకి వాన పడిందంటే పడింది వానే, ఇంగ్లీషులో మాత్రం ముందు ఊరికే ఒక "ఇట్" నిలబెట్టాలి. "బాగుంది" అని మనం ఒక్క మాటలో తేల్చేసేది కూడా "ఇట్ వాజ్ నైస్" అయితేనే వాక్యం. ఒక ఇంటర్వ్యూలో ట్రిప్ ఎలా జరిగిందని అడిగితే "వియ్ ఎంజాయ్డ్" అని ఆపేశాను, ఆయన ఇంకా ఏదో చెప్తానని నా మొహం చూస్తూ కూర్చున్నాడు. అక్కడ దేన్ని ఎంజాయ్ చేశామో చెప్పాలట: "వియ్ ఎంజాయ్డ్ ద ట్రిప్", లేదంటే "వియ్ ఎంజాయ్డ్ అవర్‌సెల్వ్స్".

అసలు చిక్కు "చూశాను" దగ్గర. మనకి ఒక్కటే మాట, ఇంగ్లీషులో అది రెండుగా చీలుతుంది. సినిమా చూశావా లేదా అన్నదే ముఖ్యమైతే "హ్యావ్ యూ సీన్ ఇట్?", "యెస్, ఐ హ్యావ్." ఎప్పుడు అన్నది వాక్యంలోకి రాగానే "హ్యావ్" పోవాలి: "ఐ సా ఇట్ లాస్ట్ సండే." "ఐ హ్యావ్ సీన్ ఇట్ యెస్టర్‌డే" అని రోజూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు, నాతో సహా.

ప్రశ్నలకి బాహుబలిని మించిన పాఠం లేదు. 2015 జూలైలో మొదటి భాగం వచ్చాక, 2017 ఏప్రిల్‌లో రెండోది వచ్చేదాకా దేశమంతా అడిగిన ప్రశ్న "వై కట్టప్ప కిల్డ్ బాహుబలి?", దానికి డబ్ల్యూకేకేబీ అని హ్యాష్‌ట్యాగ్ కూడా నడిచింది. గ్రామర్ ప్రకారం అది తప్పు! "వై డిడ్ కట్టప్ప కిల్ బాహుబలి?" అనాలి. జరిగిపోయిందన్న సంగతి "డిడ్" తన నెత్తిన వేసుకుంది కాబట్టి "కిల్డ్" కాస్తా "కిల్" అయిపోతుంది, "డిడ్ యూ వెంట్" తప్పు కావడం కూడా ఇందుకే. కానీ "ఐ నో వై కట్టప్ప కిల్డ్ బాహుబలి" మాత్రం కరెక్టే, ఎందుకంటే అక్కడ మీరు అడగట్లేదు, చెప్తున్నారు. ఈ తేడా నాకు క్లాసులో ఎప్పుడూ ఎక్కలేదు.

కథ చెప్పేటప్పుడు మనం "హీరో ఊరికొస్తాడు, విలన్‌ని చూస్తాడు" అంటాం కదా, వాళ్లూ అంతే, ప్రెజెంట్ టెన్స్‌లోనే చెప్తారు: "ద హీరో కమ్స్ టు ద విలేజ్ అండ్ సీజ్ ద విలన్." రెండు నిమిషాల కథలో ఆ చివరి "స్" ఎన్నిసార్లు మింగేశారో లెక్కపెట్టుకోండి. "ఎ", "ద" కూడా ఇక్కడే కొంత దారికొస్తాయి. "ఒక రైతు ఉంటాడు, ఆ రైతుకి ఒక కూతురు" అన్నప్పుడు "ఒక" ఉన్నచోట "ఎ", "ఆ" ఉన్నచోట "ద". అన్నిచోట్లా కుదరదనుకోండి, మనం ఆ సూర్యుడు అనం, వాళ్లు "ద సన్" అంటారు.

సినిమా బోర్ కొడితే "ఐ వాజ్ బోర్డ్" అనండి. "ఐ వాజ్ బోరింగ్" అన్నారో, బోర్ కొట్టించింది మీరేనని అర్థం.

రాబోయే సెలవులు సులువు. సంక్రాంతికి టికెట్ దొరికితే "ఐయామ్ గోయింగ్ టు మై విలేజ్", తెలుగులో "వెళ్తున్నా" అన్నట్టే. వెయిటింగ్ లిస్టులో ఉంటే "ఐ మైట్ గో".

ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ప్రశ్నలే వేయాలి, రోజుకి ఒక్క రకం తప్పే పట్టుకోవాలి. ఇవాళ "హ్యావ్" అనుకుంటే "ద" ఎన్ని పోయినా వదిలేయండి. మొదటి వారం నేను మావాణ్ణి మాటమాటకీ సరిచేశాను, తర్వాత రెండ్రోజులు టీకే రాలేదు.