కొత్త కంప్యూటర్ ఎప్పుడు కొనాలి? విండోస్ గడువు చూసి లెక్క వేసుకోవడం ఎలా?

2017 దసరా రోజుల్లో షాపుల్లో రెండు రకాల ల్యాప్‌టాప్‌లు పక్కపక్కనే ఉండేవి. ఒకదాంట్లో ఇంటెల్ ఏడో తరం ఐ5-7200యూ ప్రాసెసర్, ఇంకోదాంట్లో అప్పుడే వచ్చిన ఎనిమిదో తరం ఐ5-8250యూ. పైకి రెండూ ఒకటే, రెండిట్లోనూ విండోస్ 10. తేడా 2021లో విండోస్ 11 వచ్చాక బయటపడింది. మైక్రోసాఫ్ట్ ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంది, ఏడో తరంలో ఒకటీ అరా తప్ప అన్నిటినీ పక్కన పెట్టింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్, అంటే లోపాల్ని పూడ్చే మామూలు అప్‌డేట్లు, కూడా ముగిసింది. ఒకే రోజు ఒకే షాపులో కొన్న ఇద్దరిలో ఒకరి మెషీన్‌కి కాలం చెల్లింది, రెండోవారిది ఇంకా నడుస్తోంది.

కంప్యూటర్ ఎన్నేళ్లు పనికొస్తుందో తేల్చేది బిల్లు మీదున్న తేదీ కాదు, లోపలున్న ప్రాసెసర్ తరం. మనవైపు మాత్రం కొనుగోలు డబ్బు చేతికొచ్చే రోజును బట్టే జరుగుతుంది. కొండపి, కందుకూరు వైపు పొగాకు వేలం డబ్బులు వచ్చాక, పెన్నా డెల్టాలో వరి కోతలయ్యాక, లేదంటే పిల్లలకి ఇంజనీరింగ్ సీటొచ్చాక. అందులో తప్పేం లేదు. దానికి ఈ గడువుల లెక్క కూడా జోడిస్తే అదే డబ్బుకి రెండు మూడేళ్లు ఎక్కువ వస్తాయి.

ముందు మీ దగ్గరున్నదేంటో చూడండి

కీబోర్డు మీద విండోస్ గుర్తున్న మీటనీ, ఆర్ అక్షరాన్నీ కలిపి నొక్కండి. చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో డబ్ల్యు, ఐ, ఎన్, వి, ఇ, ఆర్ అని ఆరు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే మీది ఏ విండోస్, అందులో ఏ వెర్షన్ అన్నది కనిపిస్తుంది. ప్రాసెసర్ పేరు సెట్టింగ్స్‌లో సిస్టమ్, ఆ కింద అబౌట్‌లో ఉంటుంది.

ఆ పేరులో గీత తర్వాత వచ్చే అంకెలు చూడండి. 7200 అయితే ఏడో తరం, 8250 అయితే ఎనిమిది. 1135, 1235 లాంటివి 1తో మొదలైనా మొదటి తరం కాదు. మొదటి రెండంకెలు కలిపి చదివితే పదకొండు, పన్నెండు తరాలు. ఏఎండీ రైజెన్‌లో పేర్లు ఇంత సూటిగా ఉండవు. మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత యాప్‌ని నడిపితే అదే చెబుతుంది.

'పనికిరాదు' అని వచ్చినా వెంటనే షాపుకి పరిగెత్తొద్దు

నేను ఎక్కువగా చూసేది ఇదే. మెషీన్ ఎనిమిదో తరమో తొమ్మిదో తరమో ఉంటుంది, అయినా విండోస్ 11 ఎక్కదని యాప్ చెబుతుంది. చాలాసార్లు కారణం టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఆఫ్‌లో ఉండటం. కంప్యూటర్ ఆన్ అవుతుండగానే బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి. ఎఫ్2, డిలీట్, ఎఫ్10 మీటల్లో ఏదో ఒకటి కంపెనీని బట్టి పనిచేస్తుంది. లోపల సెక్యూరిటీ భాగంలో ఇంటెల్ అయితే పీటీటీ అనీ, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అనీ ఉంటుంది. దాన్ని ఆన్ చేసి, సెక్యూర్ బూట్ కూడా ఆన్ చేసి, మళ్లీ యాప్ నడపండి. సెక్యూర్ బూట్ ఎంపిక దొరక్కపోతే విండోస్‌ని పాత పద్ధతిలో ఎక్కించి ఉండొచ్చు. అప్పుడు తెలిసినవాళ్లకి ఇవ్వండి. అన్నీ సరిపోతే విండోస్ 10 నుంచి 11కి మారడం ఉచితం. యాభై వేలు మిగిలినట్టే.

ఒక జాగ్రత్త. బయోస్ మార్చాక కొన్ని మెషీన్లు డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతాయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ 48 అంకెల కీ ఉందో లేదో ముందే చూసి కాగితం మీద రాసుకోండి. అది లేకపోతే లోపలి ఫైళ్లు అందవు.

ఎనిమిదో తరం, ఆపైన మెషీన్ నెమ్మదిగా ఉందంటే అందులో ఇంకా తిరిగే హార్డ్ డిస్క్ ఉందేమో చూడండి. దాని బదులు ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేయిస్తే కొత్తదానిలా పనిచేస్తుంది. ర్యామ్ 4 జీబీ ఉంటే 8కి పెంచండి. అయితే 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, రేటు కనుక్కున్నాకే మాటివ్వండి.

ఏడో తరం, అంతకు ముందుదైతే గడువు లెక్క ఇది

సపోర్ట్ ఆగిందంటే కంప్యూటర్ ఆగిపోదు. లోపాలు బయటపడ్డప్పుడు వాటిని పూడ్చే సెక్యూరిటీ అప్‌డేట్ రాదు, అంతే. వినడానికి చిన్న విషయమే. కానీ ఆ మెషీన్‌లోనే బ్యాంకు లాగిన్, జీఎస్‌టీ రిటర్నులు, డిజిటల్ సంతకం టోకెన్ ఉంటే టెన్షన్ పడాల్సిన విషయమే.

ఇంట్లో వాడే విండోస్ 10 మెషీన్లకి మైక్రోసాఫ్ట్ ఒక ఏడాది పొడిగింపు ఇచ్చింది. 22హెచ్2 వెర్షన్ ఉండి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, సెట్టింగ్స్‌ని బ్యాకప్ చేసుకుంటే ఉచితం. లేదంటే 30 డాలర్లు. చేరడానికి లింక్ సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలో కనిపిస్తుంది. దీని గడువు 2026 అక్టోబర్ 13. ఆఫీసులకి వేరే పథకం ఉంది, మూడేళ్ల వరకు కొనుక్కోవచ్చు కానీ రేటు ఏటా రెట్టింపవుతుంది. రెండో ఏడాదికి కట్టేకంటే ఆ డబ్బు కొత్తదానికి పెట్టడమే నయం.

2026లో విజయదశమి అక్టోబర్ 20న. అంటే గడువు దాటిన వారానికి పండగ. పండగకి కొందామని ఆగితే చివరి రోజుల హడావుడిలో పడతారు. సెప్టెంబర్ 14 వినాయక చవితి నాటికి కొనేస్తే పాతదాన్నుంచి కొత్తదానికి మారడానికి నెల రోజులు చేతిలో ఉంటాయి. ఆడిట్ ఉన్న వ్యాపారులకి ఇంకో లాభం కూడా ఉంది. ఆదాయపు పన్ను లెక్కల్లో కంప్యూటర్ మీద తరుగుదల 40 శాతం, కానీ ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కంటే తక్కువ వాడితే సగమే. సెప్టెంబర్‌లో కొన్నదానికి పూర్తిగా వస్తుంది, దసరాకి కొన్నదానికి 20 శాతమే. మీ ఆడిటర్‌తో ఒకమాట అనుకోండి.

కాటాకో, మిషన్‌కో కట్టి ఉన్న కంప్యూటర్లు వేరే సంగతి

చీమకుర్తి గ్రానైట్ దారిలో లారీ కాటాల దగ్గరుండే కంప్యూటర్లని గమనించండి. తూకం చూపించే పెట్టె నుంచి ఒక తీగ వచ్చి కంప్యూటర్ వెనక తొమ్మిది పిన్నుల పోర్టులో దిగుతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో ఆ పోర్టు ఉండదు. యూఎస్‌బీ కన్వర్టర్ వేయాలి, ఆ కన్వర్టర్ డ్రైవర్ విండోస్ 11లో పనిచేయాలి, కాటా సాఫ్ట్‌వేర్ కూడా అందులో నడవాలి. ఇవన్నీ తేలకుండా కంప్యూటర్ కొంటే లారీలు క్యూలో నిలబడతాయి. డీటీపీ షాపుల్లో పాత పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్, పాత ప్రింటర్ల పరిస్థితీ ఇంతే.

ఇలాంటి చోట క్రమం మార్చాలి. ముందు ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లకి ఫోన్ చేసి విండోస్ 11కి వెర్షన్ ఉందా అని అడగండి. ఉంటేనే కొత్త మెషీన్. లేకపోతే పాతదాన్ని ఇంటర్నెట్ నుంచి పూర్తిగా విడదీసి ఆ ఒక్క పనికే ఉంచండి. మెయిల్, బ్యాంకు పనులు దాంట్లో చేయొద్దు, ఎవరి పెన్‌డ్రైవ్ పడితే అది పెట్టొద్దు.

సెకండ్ హ్యాండ్‌కి వెళ్తే ఏళ్లతో భాగించండి

పెద్ద కంపెనీలు వదిలేసిన ల్యాప్‌టాప్‌లు ఒంగోలు, నెల్లూరు షాపుల్లోకీ వస్తున్నాయి. 'ఆరో తరమే గానీ విండోస్ 11 వేసి ఇస్తాం' అంటారు. వేయగలరు కూడా. కానీ అది అడ్డదారిలో ఎక్కించింది. అలాంటి మెషీన్లకి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. ఏటా వచ్చే పెద్ద వెర్షన్ దగ్గర ఇబ్బంది మొదలవుతుంది. ఆ ఏటి వెర్షన్ మానుకుందామంటే కుదరదు, హోమ్, ప్రో రకాల్లో ఒక్కో వెర్షన్‌కి సపోర్ట్ 24 నెలలే. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ గడువు కూడా 2026 అక్టోబర్ 13నే. సరైన మెషీన్‌లో తర్వాతి వెర్షన్ తనంతట తనే, ఉచితంగా ఎక్కుతుంది కాబట్టి కంగారు లేదు.

విండోస్ 11 ఎప్పటితో ముగుస్తుందో మైక్రోసాఫ్ట్ ఇంకా చెప్పలేదు. కానీ ఎక్స్‌పీ 2001 నుంచి 2014 దాకా, విండోస్ 7 2009 నుంచి 2020 దాకా, విండోస్ 10 2015 నుంచి 2025 దాకా నడిచాయి. తర్వాతి గీత గీసినప్పుడు ముందు పోయేవి ఎనిమిది, తొమ్మిది తరాలేనని నా అంచనా. కాబట్టి 18,000 పెట్టి ఎనిమిదో తరం కొని మూడేళ్లు వాడితే ఏడాదికి ఆరు వేలు. 48,000 పెట్టి కొత్తది కొని ఎనిమిదేళ్లు వాడినా ఏడాదికి ఆరు వేలే. పైగా బ్యాటరీ కొత్తది, వారంటీ ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కొనాల్సిందే అయితే పదకొండో తరం, ఆపైన చూడండి.

యాపిల్ మ్యాక్ సెకండ్ హ్యాండ్‌లో ఇంటెల్ చిప్ ఉన్నది ఇప్పుడు తీసుకోవద్దు. మ్యాక్‌ఓఎస్ 26 వాటికి ఆఖరిది. క్రోమ్‌బుక్ అయితే గూగుల్ పదేళ్ల అప్‌డేట్లు ఇస్తోంది, కానీ ఆ పదేళ్లు ఆ మోడల్‌కి ఆధారమైన హార్డ్‌వేర్ మొదట బయటికొచ్చిన రోజు నుంచి, మీరు కొన్న రోజు నుంచి కాదు. పిల్లల చదువుకీ బ్రౌజింగ్‌కీ మాత్రమే అయితే పాత మెషీన్‌లోనే విండోస్ బదులు ఉబుంటు 24.04 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేయండి, 2029 దాకా ఉచితంగా అప్‌డేట్లు వస్తాయి. ట్యాలీ వాడేవాళ్లకి మాత్రం ఇది కుదరదు.

షాపులో కౌంటర్ దగ్గర

పెట్టె మీద 'డాస్' అని ఉంటే అందులో అసలు విండోస్ లేదు. షాపువాళ్లు 'మేం వేస్తాం' అంటే లైసెన్స్ బిల్లులో రాయమనండి. రాయనంటే క్రాక్ చేసిన విండోస్ ఎక్కిస్తారని అర్థం, అప్పుడు ఈ గడువుల లెక్కంతా వృథా. ప్రాసెసర్ పూర్తి నంబర్ కూడా బిల్లులో ఉండాలి, ఉత్త 'ఐ5' చాలదు. వ్యాపారమైతే మీ జీఎస్‌టీ నంబర్ వేయించుకోండి, 18 శాతం పన్ను క్రెడిట్‌గా తిరిగొస్తుంది.

ఇంటికి తెచ్చాక పాతదాన్ని నెల రోజులు అలాగే ఉంచండి. ట్యాలీ డేటా, ఫోటోలు, డిజిటల్ సంతకం డ్రైవర్, ప్రింటర్ అన్నీ కొత్తదాంట్లో పనిచేస్తున్నాయని ఒక నెల రిటర్ను వేసి చూసుకోండి. ఆ తర్వాతే పాతదాంట్లో రీసెట్ దిజ్ పీసీ తెరిచి, ఫైళ్లన్నీ తీసేసే ఎంపికలో డ్రైవ్‌ని శుభ్రం చేయమని పెట్టి, అప్పుడు ఎవరికైనా ఇవ్వండి.