వానలు పట్టుకోకముందే ట్యాంకర్ బోర్డు చూసుకోండి

అక్టోబరులో ఈశాన్య వానలు మొదలైతే డిసెంబరు దాకా మొగిలి ఘాట్‌లోనూ భాకరాపేట ఘాట్‌లోనూ పొగమంచు, జల్లు, బురద తప్పవు. బెంగళూరు, చెన్నై మధ్య చిత్తూరు మీదుగా, అటు నాయుడుపేట నుంచి రేణిగుంట మీదుగా గ్యాస్, పెట్రోలు, యాసిడ్ ట్యాంకర్లు మాత్రం ఆగవు. సీజన్ ముందు యజమానులు టైర్లు, బ్రేకులు, వైపర్లు చూపించుకుంటారు. ట్యాంకు మీదున్న హెచ్చరిక బోర్డు దగ్గరికొచ్చేసరికి "ఉందిలే" అని వదిలేస్తారు. బండి బోల్తా పడి డ్రైవరు స్పృహలో లేకపోతే, లోపల ఏముందో ఫైర్ వాళ్లకు చెప్పేది ఆ బోర్డే.

కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 134వ నియమం ప్రకారం ప్రమాదకర సరుకు మోసే బండికి ఈ బోర్డు మూడు చోట్ల ఉండాలి: రెండు పక్కలా, వెనకా. సరుకు అసలు పేరు కనీసం 50 మిల్లీమీటర్ల ఎత్తు అక్షరాల్లో, అది ఏ రకం ప్రమాదమో చెప్పే ఐక్యరాజ్యసమితి వర్గం నంబరు 100 మిల్లీమీటర్ల అంకెల్లో, వర్గం గుర్తు 250 మిల్లీమీటర్ల చదరంలో ఉండాలి. అత్యవసర ఫోన్ నంబర్లు కూడా 50 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఆవిరి కమ్ముకున్న చోటికి నడిచి వెళ్లి చదవాల్సిన అవసరం ఎవరికీ రాకూడదనే ఇంత పెద్ద అక్షరాలు. స్టిక్కర్ షాపులో ఖర్చు తగ్గుతుందని చిన్న సైజు వేయించుకోవద్దు.

వర్గం నంబరు వేరు, బోర్డు మీది నాలుగంకెల యూఎన్ (ఐక్యరాజ్యసమితి) నంబరు వేరు; ఇది ఆ సరుకుకే గుర్తింపు. వంటగ్యాస్ 1075, పెట్రోలు 1203, డీజిల్ 1202, అమ్మోనియా 1005, బ్యాటరీ ఫ్యాక్టరీలకు వెళ్లే సల్ఫ్యూరిక్ యాసిడ్ 1830. నన్ను ఎక్కువ భయపెట్టేవి మాత్రం 1789, 1791. మొదటిది హైడ్రోక్లోరిక్ యాసిడ్, రెండోది నీళ్ల శుద్ధికి వాడే హైపోక్లోరైట్ ద్రావణం. రెండూ ద్రవాలే, రెండూ 8వ వర్గమే (చర్మాన్ని, లోహాన్ని తినేసే సరుకులు), రెండింటికీ పైన తెలుపు, కింద నలుపు ఉన్న ఒకే గుర్తు. ఆ గుర్తొక్కటే చూసి, యాసిడ్ పైపును హైపో ట్యాంకుకు తగిలిస్తే నిమిషాల్లో క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. అందుకే లోడు దించే ముందు బోర్డు మీది నంబరు, బిల్లు మీది నంబరు, ఫ్యాక్టరీ పైపు మీద రాసిన పేరు మూడూ కలుస్తున్నాయా అని డ్రైవరు, ఫ్యాక్టరీ మనిషి ఇద్దరూ నిలబడి గట్టిగా చదవాలి. నిన్న ఒక సరుకు, ఇవాళ ఇంకొకటి మోసే బండ్లలో పాత బోర్డు మార్చకపోవడం మామూలైపోయింది. బోర్డు లేకపోతే ఫైర్ వాళ్లు అనుమానంతోనైనా దూరంగా ఉంటారు. తప్పు బోర్డును నమ్మి ముందుకొస్తారు.

ఆయుధపూజ సరిగ్గా ఈ వానల ముందే వస్తుంది. గంధం, కుంకుమ బండికి పెట్టండి, స్వామివారి పటం క్యాబిన్‌లో పెట్టుకోండి. బోర్డు మీద మాత్రం గంధం పూయొద్దు, దండలు, అరటి పిలకలు దానికి అడ్డం కట్టొద్దు. పూజ అయిపోయాక తీద్దామనుకుని అలాగే రోడ్డెక్కేస్తారు. బురద సంగతీ అంతే. ఘాట్ దిగాక వెనక బోర్డు పూర్తిగా కనిపించదు. టీ కోసం ఆపినప్పుడు తడిగుడ్డతో తుడవడం క్లీనర్ పనిగా పెట్టండి. స్టిక్కర్ అంచులు లేస్తే టేపు వేయకండి, కొత్తది వేయించండి. ఓడల్లో వెళ్లే కంటైనర్ల గుర్తులైతే సముద్రపు నీళ్లలో మూడు నెలలు నానినా కనిపించాలని అంతర్జాతీయ నియమం. మన కార్తీక మాసపు వానకే ఊడిపోయే స్టిక్కర్ వాటి ముందు ఏం పనికొస్తుంది?

రేవుకు వెళ్లే ఐఎస్ఓ ట్యాంకులకు (ఇనుప చట్రంలో బిగించి ఓడ ఎక్కించేవి) గుర్తులు మూడు వైపులా ఉంటే చాలదు, నాలుగు వైపులా ఉండాలి. ఇనుప పంజరంలో ఉండే వెయ్యి లీటర్ల తెల్ల ప్లాస్టిక్ తొట్లకు (ఐబీసీలు) ఎదురెదురు పక్కల రెండింటికీ లేబుళ్లు కావాలి. లారీలో పేర్చేటప్పుడు ఆ పక్కలు లోపలికి తిరిగిపోకుండా చూడండి.

ఖాళీ ట్యాంకర్ గురించి ఇంకో మాట. దించేసి వస్తున్నాం కదా అని బోర్డు తిప్పేయడం, గుడ్డ కప్పేయడం చేయొద్దు. పెట్రోలు దించిన ట్యాంకులో మిగిలేది ఆవిరి, నిప్పు అంటుకునేది ఆవిరే. కడిగి, ఆవిరి పూర్తిగా పోగొట్టేదాకా అది లోడు బండే.

డ్రైవరు దగ్గర ట్రెమ్ కార్డు (ప్రమాదం జరిగితే ఏం చేయాలో రాసిన కాగితం) సీటు కింద కాకుండా చేతికందేలా ఉండాలి. అందులో ఏముందో డ్రైవరుకు తెలుగులో చదివి చెప్పండి. బోర్డు మీది ఫోన్ నంబరుకు ఒకసారి అర్ధరాత్రి చేసి చూడండి. ఎత్తేది ఆఫీసు వేళల్లోనే అయితే ఆ నంబరు మార్పించాల్సిందే.

2020 ఆగస్టులో పూతలపట్టు మండలం బండపల్లి దగ్గర ఒక డెయిరీలో అమ్మోనియా లీకై కార్మికులు ఆసుపత్రి పాలయ్యారు. అక్కడ ఆ గ్యాస్ ఏమిటో డెయిరీ వాళ్లకు తెలుసు. రోడ్డు మీద ఎవరికీ తెలియదు. కాబట్టి ట్యాంకర్ పడి ఉంటే, బండి నడపనివాళ్లు కూడా ఇది గుర్తుంచుకోండి: దగ్గరికి పోవద్దు, గాలి ఎటునుంచి వీస్తోందో అటు వైపుకు జరగండి, ఫోన్ కెమెరా జూమ్ చేసి నంబరు చదివి 112కో 101కో చెప్పండి. అది 1075 అయితే మీ బండి స్టార్ట్ చేయకుండా, అక్కడే వదిలేసి నడిచి వెళ్లిపోండి.