వానలకు ముందే వాలెట్ సీడ్ పదాలు: చెన్నై తెలుగువారికి కొన్ని జాగ్రత్తలు

ఈశాన్య రుతుపవనాలు సాధారణంగా అక్టోబరు మూడో వారానికి చెన్నై చేరతాయి కాబట్టి, బిట్‌కాయిన్ వంటివాటిని సొంత వాలెట్‌లో ఉంచుకునేవారు సీడ్ పదాల (పరికరం పోయినా వాలెట్‌ను తిరిగి తెరిచే పన్నెండు లేదా ఇరవై నాలుగు ఇంగ్లిషు పదాల) తయారీని, భద్రతను సెప్టెంబరులోనే ముగించుకోవడం మంచిది. కరెంటు పోయి, వీధిలోకి నీళ్లు వచ్చాక హడావుడిగా చేసే పని కాదిది.

పన్నెండు సీడ్ పదాల వెనుక 128 బిట్ల (అంటే 128 సున్నాలు, ఒకట్లతో కూడిన) సంఖ్య ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరూ ఊహించలేకపోవడమే మీ సొమ్ముకు అసలైన కాపలా. ఆ సంఖ్యను సాఫ్ట్‌వేర్ సరిగా పుట్టించకపోయినా పైకి ఏ తేడా కనిపించదు. 2013లో ఆండ్రాయిడ్‌లోని యాదృచ్ఛిక సంఖ్యల లోపం వల్ల కొందరి బిట్‌కాయిన్లు పోయాయి. లిబ్‌బిట్‌కాయిన్ ఎక్స్‌ప్లోరర్ అనే సాధనం కేవలం 32 బిట్ల అనిశ్చితితో సీడ్‌లు ఇస్తోందని 2023లో దొంగతనాలు జరిగాకే బయటపడింది.

పాచికలు వాడమనేది ఇందుకే. ఆరు ముఖాల పాచికను ఒకసారి విసిరితే సుమారు 2.58 బిట్లు వస్తాయి కనుక పన్నెండు పదాలకు 50 సార్లు, ఇరవై నాలుగు పదాలకు 99 సార్లు విసరాలి. కోల్డ్‌కార్డ్, సీడ్‌సైనర్ వంటి వాలెట్ పరికరాలు ఈ అంకెలను నేరుగా తీసుకుని సీడ్ పదాలుగా మారుస్తాయి. పడిన అంకె నచ్చలేదని మళ్లీ విసరకూడదు. ఇంట్లో అష్టాచెమ్మా గవ్వలున్నాయి కదా అని వాటిని వాడవద్దు, ఎందుకంటే గవ్వ వెల్లకిలా పడే అవకాశం, బోర్లా పడే అవకాశం సమానం కావు. నాణెమైతే జంటగా ఎగరవేసి, బొమ్మ తరువాత బొరుసు పడితే 0 అని, బొరుసు తరువాత బొమ్మ పడితే 1 అని రాసుకుని, రెండుసార్లూ ఒకటే పడితే ఆ జంటను వదిలేయాలి. నాణెం ఒకవైపు మొగ్గినా ఫలితం చెడదు, ఓపిక మాత్రం కావాలి. చివరి పదంలో కొన్ని బిట్లు మిగతావాటిని సరిచూసేవి కనుక దాన్ని ఇంటర్నెట్ లేని పరికరంలోనే లెక్కకట్టాలి. నోటికొచ్చిన పద్యపాదాన్నో, పిల్లల పేర్లనో సీడ్‌గా మార్చడం వద్దే వద్దు.

ఇక దాచడం. ఫోన్‌తో ఫొటో తీస్తే అది క్లౌడ్‌లోకి వెళ్లిపోవచ్చు. కాగితం 2015 డిసెంబరు వరద వంటిదానికి నిలవదు, గ్రౌండ్ ఫ్లోర్ బీరువాలో అసలే నిలవదు. స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు, అక్షరాల పంచ్‌ల సెట్టు కొనుక్కుని పదాలను స్వయంగా కొట్టుకోవాలి. చెక్కేవాడి చేతికి ఇవ్వకూడదు. సీడ్ పదాలను ఎంచే ఇంగ్లిషు పట్టికలో ఏ రెండు పదాలకూ మొదటి నాలుగు అక్షరాలు ఒకటిగా ఉండవు కాబట్టి పదానికి నాలుగు అక్షరాలు చాలు. మామూలు ఇనుము సముద్రపు గాలికి తుప్పు పడుతుంది.

రెండో ప్రతిని నెల్లూరులో అమ్మానాన్నల దగ్గర పెట్టాలని మనలో చాలామందికి తోస్తుంది. కానీ 2023 డిసెంబరులో వేళచ్చేరిని ముంచిన మిచౌంగ్ తుఫానే నెల్లూరు తీరాన్నీ తడిపి బాపట్ల దగ్గర తీరం దాటింది. కర్నూలో, అనంతపురమో మేలు. బ్యాంకు లాకర్ ఎంచుకుంటే అది నేలమాళిగలో ఉందేమో అడగండి, ఎందుకంటే రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ప్రకృతి వైపరీత్యాల నష్టానికి బ్యాంకు బాధ్యత వహించదు. పన్నెండు పదాలను ఆరేసి చొప్పున చీల్చి రెండు చోట్ల దాచడం తెలివిగా కనిపిస్తుంది గానీ, సగం పోతే మొత్తం పోయినట్టే, సగం దొరికినవాడికి మొత్తం వెతకడం కన్నా మిగతాది వెతకడం చాలా తేలిక.

వాలెట్‌లోకి సొమ్ము పంపేముందు దాన్ని చెరిపి, రేకు మీది పదాలతోనే తిరిగి తెరిచి, అదే చిరునామా వస్తోందో లేదో చూసుకోండి. వచ్చాక పాచికల అంకెలు రాసిన చిత్తు కాగితాన్ని కాల్చేయండి.