పాత పూల బోన్ చైనా టీపాట్‌కు విలువ కట్టడం ఎలా?

ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లు చారిటీ షాపులో (జనం దానమిచ్చిన పాత సామాను అమ్మే కొట్టు) ఒక గులాబీ పూల బోన్ చైనా టీపాట్ కొంటారు. బోన్ చైనా అంటే ఎముకల బూడిద కలిపి చేసే పింగాణీ. వెంటనే బోర్లించి, అడుగున ఉన్న ముద్రను ఫొటో తీసి "ఇదెంత చేస్తుంది?" అని అడుగుతారు. ముద్ర ఒక్కటే చూసి ధర చెప్పేవాళ్లను నమ్మకండి. కంపెనీ ఎంత పేరున్నదైనా ధరను కిందికి లాగేది పగులు. దాన్ని వెతికే ఓపికే ఎవరికీ ఉండదు.

మెత్తటి తువ్వాలు, భూతద్దం, సెల్‌ఫోన్ టార్చ్, ఒక చీకటి గది. ఇంతే కావాలి. గోరువెచ్చని నీళ్లతో చేత్తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. డిష్‌వాషర్‌లో మాత్రం వేయొద్దు, బంగారు గీత అరిగిపోతుంది.

1. ముద్ర చదవండి

'ఇంగ్లండ్' అని ఉంటే సాధారణంగా 1891 తర్వాతది. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలన్న అమెరికా చట్టం అప్పుడే అమల్లోకి వచ్చింది. 'బోన్ చైనా', 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' అని రెండూ ఉంటే 20వ శతాబ్దపుదే అనుకోవచ్చు. రాయల్ ఆల్బర్ట్ అనే ఇంగ్లండ్ పింగాణీ కంపెనీ వారి గులాబీల డిజైన్ 'ఓల్డ్ కంట్రీ రోజెస్' మీద 1962 అని కనిపిస్తే మురిసిపోకండి. అది డిజైన్ వచ్చిన ఏడాది, టీపాట్ తయారైన ఏడాది కాదు. ఇదే డిజైన్‌ను తర్వాత ఇండోనేషియాలోనూ చేశారు; వాటికి ఇంగ్లండ్‌లో చేసిన పాతవాటి ధర రాదు.

2. పూలు చూడండి

భూతద్దంలో సన్నని చుక్కలు కనిపిస్తే అచ్చు బొమ్మ. కుంచె జాడలు, రంగు ఎత్తుపల్లాలు కనిపిస్తే చేత్తో వేసింది. గీత అచ్చు వేసి లోపల రంగు చేత్తో నింపినవీ ఉంటాయి.

3. పగులు వెతకండి

ఇక్కడ తొందర పనికిరాదు. ముందు మూత తీసి పక్కన తువ్వాలు మీద పెట్టండి. పిడి పట్టుకుని ఎప్పుడూ ఎత్తొద్దు. ఆ పిడి ఎప్పుడో విరిగితే అతికించారేమో మీకింకా తెలియదు. రెండు చేతులతో పొట్ట పట్టుకుని ఎత్తండి.

సంతలో కుండ కొన్నట్టు గోటితో కొట్టి, ఖంగుమంటే చాలనుకుంటారు చాలామంది. కప్పుకు ఆ పద్ధతి సరిపోతుందేమో గానీ టీపాట్‌కు చాలదు. పిడి మొదట్లో చిన్న పగులున్నా పొట్ట బాగానే మోగుతుంది. అందుకే టార్చ్ తప్పనిసరి.

రాత్రిపూట లైట్లన్నీ ఆర్పి, టార్చ్‌ను పాట్ లోపలికి పట్టండి. బోన్ చైనాలో దాదాపు సగం ఎముకల బూడిదే. వెలుగు దాన్ని దాటి బయటికి వస్తుంది. అంగుళం అంగుళం తిప్పుతూ చూడండి. పైపై గీత వెలుగులో మాయమైపోతుంది. పగులైతే వెంట్రుకలా నల్లగా నిలబడుతుంది. టీ మరక దిగి ఉంటే గోధుమ రంగులో కనిపిస్తుంది. కొమ్ము పొట్టను కలిసేచోట, పిడి రెండు మొదళ్ల దగ్గర, మూత కూర్చునే అంచు లోపల మరోసారి చూడండి.

చుట్టూ వెలుగు వస్తూ ఒక్కచోట మచ్చలా చీకటిగా ఉంటే అక్కడ అతికించి రంగు పూశారు. ఎక్కువగా కొమ్ము కొనలోనే ఇలా దొరుకుతుంది. వేలు ఆనించండి. గాజు చల్లదనం ఉండదు, కొంచెం జిగురుగా తగులుతుంది. అల్ట్రావయొలెట్ లైటు కొనమనేవాళ్లున్నారు గానీ కొత్త రకం పూతలు కొన్ని దానికి దొరకవు.

మరిగే నీళ్లు పోసి కారుతుందో లేదో చూడటం మాత్రం వద్దు. చిన్న పగులు ఆ వేడికే పెద్దదవుతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడిచీ చూడొద్దు, పాత మరమ్మతు ఊడి చేతికొస్తుంది.

4. ధర రాయండి

ఈబేలో అమ్మకానికి పెట్టిన ధరలు చూడొద్దు, అమ్ముడుపోయినవి మాత్రమే చూడండి. డిజైన్ ఒకటే అయితే చాలదు, సైజు, మూత కూడా కలవాలి. మూత లేనిదాన్ని నేను టీపాట్‌గా లెక్కించను, పూలకుండీ ధరే కడతాను. పగులు దొరికితే టార్చ్ వెలుగులో దాన్ని ఫొటో తీసి, ఎక్కడ ఎంత పొడవుందో ధర పక్కనే రాసి పెట్టండి.