తక్కువ వాల్యూమ్‌లో ఒక స్పీకర్ మూగబోతోందా? స్పీకర్ మార్చకండి

సమస్య ఇలా ఉంటుంది. పొద్దున్నే చిన్నగా పాట పెడితే ఎడమవైపు స్పీకర్ పలకదు, పలికినా గరగరలాడుతుంది. వాల్యూమ్ ఒకసారి పైకి తిప్పితే టప్పున తిరిగొస్తుంది. ఆ పూటకి బాగానే ఉంటుంది, మర్నాడు మళ్లీ అదే.

భీమవరం, నరసాపురం, రాజోలు వైపు నుంచి ఆంప్‌లు (యాంప్లిఫయర్లు) బాగుచేసే నా బల్ల మీదకి ఎక్కువగా వచ్చే జబ్బు ఇదే. "కొత్త స్పీకర్లు కొనేశానండీ, ఖరీదైన వైరు కూడా వేశానండీ, అయినా ఎడమవైపు మూగనోమేనండీ" అంటారు. ఎడమా కుడీ మార్చి చూశారా అని అడిగితే నేలచూపులు.

ముందు ఆ పని చేయండి. ఆంప్ ఆపి, దాని వెనక స్పీకర్ వైర్లు ఎడమవి కుడికి, కుడివి ఎడమకి పెట్టండి. మళ్లీ ఎడమ స్పీకరే పలకకపోతే తప్పు స్పీకర్‌దో వైరుదో. వైరు కొస పచ్చగా చిలుం పట్టి ఉంటే అంతమేర కత్తిరించి కొత్త రాగి బయటికి తీయండి. మూగతనం కుడి స్పీకర్‌కి మారితే తప్పు ఆంప్‌లోనో, అంతకు ముందో. అప్పుడు ఆర్‌సీఏ పిన్నులు (ప్లేయర్ నుంచి ఆంప్‌కి వచ్చే కేబుల్‌వి) కూడా అలాగే మార్చండి. తప్పు మళ్లీ పక్క మారితే ప్లేయరో కేబులో. మారకపోతే ఆంపే.

ఇక్కడే ఒక మాయ ఉంది. వైర్లు మార్చడానికి ఆంప్ ఆపి మళ్లీ వేశారు కదా, ఒక్కోసారి దాంతోనే రెండు స్పీకర్లూ చక్కగా పలుకుతాయి. వైరు లూజు, సరిపోయిందిలే అనుకుంటారు. నేనూ నా సొంత ఆంప్‌తో అలాగే మోసపోయి రెండు సెట్ల కేబుళ్లు కొన్నాను. నిజానికి బాగుచేసింది వైరు కాదు. ఆంప్ వేసిన కొన్ని సెకన్లకి లోపల "టిక్" మంటుందే, అది స్పీకర్ రిలే, అంటే ఆంప్‌నీ స్పీకర్‌నీ కలిపే ఆటోమేటిక్ మీట. మళ్లీ మూసుకోవడంలో దాని కాంటాక్టులు కాస్త రాసుకున్నాయి, అంతే.

ఆ కాంటాక్టుల మీద ఉండేది వెండి. మన తేమ గాలి, దానికి తోడు చెరువు అడుగు నల్లబురద నుంచి వచ్చే కుళ్లు వాసన వాయువు. కాళ్ల పట్టీలు నల్లబడ్డట్టే ఇవీ నల్లబడతాయి. చిన్న వాల్యూమ్‌లో వెళ్లే కరెంటు ఆ పొరని దాటలేదు, పెద్ద వాల్యూమ్ దాన్ని చీల్చుకుని పోతుంది. ఎప్పుడూ చిన్నగానే వినేవాళ్ల ఆంప్‌లకే ఇది ముందు వస్తుంది, పాపం.

పరిష్కారం రిలే మార్చడమే. పాతదాని కాయిల్ వోల్టేజీ (చాలావాటిలో 24, కొన్నిట్లో 12), కాంటాక్టు ఆంపియర్లు, కాళ్ల అమరిక మూడూ కలవాలి. గరుకు కాగితంతో మాత్రం గీకొద్దు. పైన పూత లేచిపోతుంది, కొన్నాళ్లకే మళ్లీ వస్తారు. ప్లగ్ పీకినా లోపలి పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలిచే ఉంటుంది, అలవాటు లేనివాళ్లు మూత తీయొద్దు.

ఆంప్‌కి స్పీకర్ ఏ, బీ మీట (రెండు జతల స్పీకర్లలో ఏవి పలకాలో ఎంచేది) ఉంటే రిలే కన్నా ముందు దాన్ని చూడండి. ఆంప్ ఆపి, ఇరవై ముప్ఫైసార్లు అటూ ఇటూ తిప్పండి. దాంతోనే నయమైతే అదృష్టవంతులు.

రిలే మార్చాక కూడా వస్తే బోర్డు మీద సోల్డరింగ్ పగిలి ఉండొచ్చు. స్పీకర్‌ని నడిపే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ పోయిందేమో అని టెన్షన్ వద్దు. అది పోతే సాధారణంగా ఇలా వచ్చీ పోయీ ఆడుకోదు, టిక్ శబ్దమే రాదు.