పిస్టల్‌కు రెడ్ డాట్ బిగించడం ఎలా? పని చెడేది స్క్రూల దగ్గరే

అమెరికాలో ఇంటి రక్షణకు గ్లాక్ 19 ఎంఓఎస్ (పైన సైట్ బిగించే చోటున్న పిస్టల్) ఉంచుకుని, దానిమీద ట్రిజికాన్ ఆర్ఎంఆర్ అనే రెడ్ డాట్, అంటే గురి చూడటానికి ఎర్రచుక్క చూపించే సైట్, పెట్టుకోవాలనుకునేవాళ్ల కోసం ఇది.

తూటాలుండే మ్యాగజైన్ తీయండి, స్లైడ్ (పిస్టల్ పైన కదిలే భాగం) వెనక్కి లాగి, తూటా కూర్చునే చాంబర్‌లో వేలు పెట్టి చూడండి. తూటాలు వేరే గదిలో పెట్టేయండి. స్లైడ్ విప్పి, పైకవర్ తీసి, సైట్ కూర్చునే 02 నంబరు ప్లేటు బిగించండి. సైట్‌లో కొత్త సీఆర్2032 బ్యాటరీ వేయండి. ఇదంతా పది నిమిషాల పని.

ఇక సైట్‌ను ప్లేటుకు బిగించే రెండు స్క్రూలు. కాల్చిన ప్రతిసారీ స్లైడ్ వెనక్కీ ముందుకీ విసురుగా కొట్టుకుంటుంది. ఆ దెబ్బకు సైట్ ఊడకుండా పట్టి ఉంచేది ఈ స్క్రూలే. కొత్త స్క్రూకు కూడా కంటికి కనపడని నూనె పొర ఉంటుంది, దానిమీద లాక్‌టైట్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) పట్టదు. 90 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో స్క్రూలనూ రంధ్రాలనూ తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. ప్లేటు స్క్రూలకూ ఇదే పద్ధతి.

నీలం లాక్‌టైట్ 242 ఒక్క చుక్క చాలు, అదీ స్క్రూ మరల మీదే. రంధ్రంలో పోస్తే పక్క భాగాల్లోకి కారుతుంది. ఎర్రది వద్దే వద్దు. దాన్ని విప్పాలంటే వేడి చేయాలి, ఆ వేడికి సైట్ లోపలి ఎలక్ట్రానిక్స్ పాడవుతాయి.

చేతి అంచనాతో బిగించకండి, ఎంత బలంతో బిగించాలో కొలిచే టార్క్ డ్రైవర్ కొనండి. సైట్ స్క్రూలకు 12 ఇంచ్-పౌండ్లు, అంటే సుమారు 1.36 న్యూటన్ మీటర్లు. ఫుట్-పౌండ్లు అనుకుంటే పన్నెండు రెట్లు ఎక్కువై స్క్రూ తల తెగిపోతుంది. రెండిటినీ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి. బిగించాక మళ్లీ కదిపితే పట్టు విడిపోతుంది. అప్పుడు తుడిచి మొదటినుంచీ చేయాల్సిందే. 24 గంటలు ముట్టుకోకండి.

స్క్రూ పొడవు కూడా చూడాలి. కుడివైపు స్క్రూ పొడవెక్కువైతే లోపల ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చిన తూటా ఖాళీ తొడుగును బయటికి లాగే కొక్కెం) స్ప్రింగు దారిలోకి దిగి దాన్ని పట్టేస్తుంది, ఖాళీ తొడుగులు బయటపడవు. బిగించకముందూ తర్వాతా ఎక్స్‌ట్రాక్టర్‌ను నొక్కి చూడండి. రెండుసార్లూ ఒకేలా స్ప్రింగులా కదలాలి.

ఆర్ఎంఆర్ బ్యాటరీ అడుగున ఉంటుంది. మార్చిన ప్రతిసారీ సైట్ విప్పి ఇదంతా మళ్లీ చేయాలి. అందుకే పక్కనుంచి బ్యాటరీ లాగే హోలోసన్ 507సీ లాంటిదే మేలు. ఆర్ఎంఆర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి తేదీ పెట్టుకుని మార్చాలి.

స్క్రూ తల మీదనుంచి సైట్ మీదకు తెల్ల పెయింట్ పెన్నుతో గీత గీయండి. గీత తెగితే స్క్రూ తిరిగినట్టే.

రేంజ్‌లో 25 గజాల దగ్గర పిస్టల్‌ను ఆనించి అయిదు తూటాలు కాల్చండి. సైట్ సర్దుబాటు స్క్రూను ఒక క్లిక్ తిప్పితే ఆ దూరంలో తూటా తగిలే చోటు పావు అంగుళం జరుగుతుంది. ఒక్క తూటా చూసి తిప్పకండి, అయిదు రంధ్రాల నడిమిని బట్టి సరిచేయండి. ఆ తర్వాత గీత ఇంకోసారి చూడండి.