వర్జిన్ ఐలాండ్స్‌లో జంటగా సెయిలింగ్: ఎక్కే ముందు చూసుకోవాల్సినవి

కాగితాలు ముందు. ఈ కరీబియన్ దీవుల్లో సెయింట్ థామస్ అమెరికాది, టోర్టోలా బ్రిటన్‌ది. పడవలో గంట దూరమే అయినా అది వేరే దేశం కిందే లెక్క. అమెరికాలో పనిచేస్తున్న మనవాళ్లు పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు తప్పక చూసుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు అడుగుతారు. ఇద్దరివీ చూడండి, ఒకరివి కాదు.

జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు తుపానుల కాలం. ఆగస్టు, సెప్టెంబర్ చౌకగా ఉన్నాయని టెంప్ట్ అవకండి.

సన్‌స్క్రీన్ డబ్బా వెనక చదవండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్నవి అమెరికా వైపు దీవుల్లో 2020 నుంచి నిషేధం. జింక్ ఆక్సైడ్‌ది కొనుక్కోండి.

తీరంలో చిన్న ఆకుపచ్చ ఆపిల్‌లా కాయలు కాసే చెట్టు కనిపిస్తే అది మాంచినీల్. కాయ తినకూడదు, ఆకు తుంచకూడదు. వాన పడుతుంటే దాని కింద నిలబడినా చాలు, కారే పాలకు ఒళ్లు బొబ్బలెక్కుతుంది. కొన్నిచోట్ల మొదలుకి ఎర్ర రంగు పట్టీ వేస్తారు, అన్నిచోట్లా కాదు.

బ్రిటన్ వైపు దీవి వర్జిన్ గోర్డాలో బాత్స్‌ అనే పెద్ద బండరాళ్ల తీరం దగ్గర డింగీని (పెద్ద పడవ నుంచి ఒడ్డుకు వెళ్లే చిన్న పడవ) ఒడ్డుకు తేనివ్వరు. బయట నీళ్లలో ఉన్న తాడుకి కట్టేసి ఈదుకుంటూ వెళ్లాలి. ఈత అంతంతమాత్రమైతే లైఫ్ జాకెట్ వేసుకోండి, సిగ్గేం లేదు. ఫోన్, డబ్బు వాటర్‌ప్రూఫ్ సంచిలో.

డింగీ మోటార్ ఆపే తాడు నడిపేవారి చేతికి కట్టాకే స్టార్ట్ చేయాలి.

వాంతుల మాత్ర పడవ కదలకముందే వేసుకోవాలి. కడుపు తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అదీ బయటికే.